బోర్డు మీది మవూతో

మాటలతో ఆడుకోవడం జైలోసికి చిన్ననాటి అలవాటు. ఆ మంగళవారం మాత్రం ఒక మాటే అతనితో ఆడుకుంది.

యాభై రెండేళ్ళ మనిషి. జోంబా పట్నంలో ఒక బట్టల కొట్టు పైగదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాడు. పల్లెల్లో ఎవరెవరో పట్టుకొచ్చిన గొంతుల్ని అక్కడి చిచేవా భాషలో విని ఇంగ్లీషులో టైపు కొట్టడం అతని పని. ఒక మాట ముందుకి, రెండు మాటలు వెనక్కి. "సర్వే అంటే ఏమనుకున్నారు? సర్వం అడగడం, స్వల్పం వినడం" అని కింద కొట్టువాళ్ళని నవ్విస్తుంటాడు. "అనువాదకుడంటే 'అను' అన్నప్పుడు అనేవాడు. వాదం మన పని కాదు" అనేది ఇంకో జోకు. ఆ జోక్కి వాళ్ళు నవ్వడం మానేసి చాలా ఏళ్ళయింది, అతనే నవ్వుకుంటాడు.

ఆ రోజు గది విడిచి, ఫలోంబె జిల్లాలో నమసోకో అనే ఊళ్ళో చేతిపంపు పక్కన నిలబడ్డాడు. నిరుడు తను టైపు చేసిన గొంతులన్నీ ఈ ఊరివే. ఊరిని చూడటం మాత్రం ఇదే మొదలు.

"నా చెవులు పోయినేడే వచ్చి వెళ్ళాయి. కాళ్ళే ఇప్పుడొస్తున్నాయి" అన్నాడు జీపు దిగుతూ. డ్రైవరు నవ్వాడు. లాక్సన్ నవ్వలేదు.

ఆ పంపు వేయించిన స్వచ్ఛంద సంస్థలో లాక్సన్ అధికారి. సంస్థ పేరు 'మజి పఫూపి', దగ్గర్లోనే నీళ్ళు అని. మజి అంటే నీళ్ళు. మన చెవికి అది 'మాజీ' అని వినబడితే చెవిని తప్పు పట్టలేం, ఆ చుట్టుపక్కల సగం పంపుల్లో నీళ్ళు మాజీలే. నమసోకో పంపు మాత్రం పనిచేస్తోంది. అందుకే ఎవరు వచ్చినా లాక్సన్ జీపు ఇక్కడికే వస్తుంది.

ఈసారి వచ్చింది హనెకె. నెదర్లాండ్స్‌లో ఒక విశ్వవిద్యాలయం ఆవిడది. పరాయి దేశాల సాయం మోసుకొచ్చే ఇలాంటి సంస్థలు ఎక్కడ గెలుస్తాయి, ఎక్కడ ఓడతాయి అన్నది ఆవిడ పరిశోధన. నిరుడు మే నెలలో నలభై రెండు ప్రశ్నలు రాసి పంపింది. సంస్థ అమ్మాయి ఒకతె రికార్డరు పట్టుకుని, సంస్థ ఇచ్చిన జాబితా ప్రకారం ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడు నివేదిక అచ్చయింది. "వాళ్ళ దగ్గర తీసుకున్నది ముందు వాళ్ళకే వినిపించాలి" అని పట్టుబట్టి ఇంత దూరం వచ్చింది. మంచి మనిషి. ఎండకి ముక్కు మీద పొరలు లేచినా గొడుగు పట్టనివ్వలేదు.

పంపు పక్కన రెండు ఇనుప కాళ్ళ మీద కొత్త బోర్డు నిలబడి ఉంది. దాని మీద ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకునే ఆకుపచ్చ చితెంజె గుడ్డ కప్పారు. నివేదిక పేరునే ఊరి భాషలో దాని మీద రాయించారని, జోంబాలోనే పెయింటు వేయించారని, తనకే ఇంకా చూపించలేదని హనెకె సంబరంగా చెప్పింది. ఆడవాళ్ళు నేల మీద, మగవాళ్ళు ఇటుకల మీద, ఊరి పెద్ద నమోయో అవ్వ ప్లాస్టిక్ కుర్చీలో. నమోయో అవ్వ పక్క కుర్చీలో తల తిప్పకుండా లాక్సన్.

హనెకె లేచి ఇంగ్లీషులో మాట్లాడింది. జైలోసి ఒక్కో వాక్యం అందుకుని చిచేవాలోకి మార్చి విసిరాడు. నీళ్ళ బిందెలు చేతులు మారినట్టు సాఫీగా సాగింది.

"ఈ ఊరి స్త్రీ ఒకామె చెప్పిన మాట ఇది. నా నివేదిక మొత్తానికి ప్రాణం ఈ ఒక్క వాక్యం" అంది హనెకె. చదివింది. "కష్టాలు మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాయి, మార్చిలో."

జైలోసికి ఆ వాక్యం గుర్తుంది, కొట్టింది తనే. ఛాతీ కొంచెం పొంగింది. గొంతు సవరించుకుని, పండగ మాటలా సాగదీసి పలికాడు. "మవూతో అనతిసీయా, ము మలిచి!"

లాక్సన్ గుడ్డ లాగాడు. బోర్డు మీద నీలం అక్షరాల్లో అదే మాట. మార్చిని ఆ భాషలో మలిచి అంటారు. పెయింటరు దాన్ని నిజంగానే చెక్కినట్టు మలిచి పెట్టాడు.

చప్పట్లు రాలేదు.

పంపు కొడుతున్న ఆడమనిషి చెయ్యి ఆగింది. ఇటుకల మీదున్న ఒకాయన టోపీ తీశాడు. పక్కాయన తీశాడు. తర్వాత మగవాళ్ళందరూ ఒక్కొక్కరే ఇటుకల మీంచి జారి నేల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు భుజాల మీది గుడ్డలు తలల మీదికి లాక్కున్నారు. డెబ్భై ఏళ్ళ నమోయో అవ్వ కుర్చీలోంచి లేచి, కర్ర పక్కన పెట్టి, మట్టిలో కూలబడింది. ఎక్కడో వెనక ఒక సన్నని గొంతు పాట ఎత్తుకుంది. పెళ్ళిలో పాడే పాట కాదు.

"మవూతో పేరు రాయించారే తల్లీ! ఇంత దూరం నుంచొచ్చి రాయించారే!"

అప్పుడు తెలిసింది జైలోసికి.

మవూతో అంటే కష్టాలు. మవూతో అంటే మనిషి పేరు కూడా. కష్టకాలంలో పుట్టిన బిడ్డకి ఆ పేరు పెట్టడం అక్కడ మామూలే, ఊరికి ముగ్గురు మవూతోలుంటారు. మన తెలుగులోనైతే మనిషి వెళ్ళిపోయారు అంటాం, కష్టాలు వెళ్ళిపోయాయి అంటాం, క్రియ దగ్గర దొరికిపోతుంది. చిచేవాలో పెద్దవాళ్ళని మర్యాదగా చెప్పినా, కష్టాల్ని కుప్పగా చెప్పినా క్రియ ఒక్కటే. చెవిన పడ్డ మాట కనుక, పేరుని పట్టిచ్చే ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరం కూడా అతన్ని కాపాడలేదు. మనిషిని కష్టాలుగా కొట్టేశాడు.

హనెకె కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. నవ్వుతోంది. "ఏమంటున్నారు?"

"పాట పాడుతున్నారు."

"సంతోషంతోనా?"

జైలోసి లాక్సన్ వైపు చూశాడు. లాక్సన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"మీరు వచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతున్నారు" అన్నాడు జైలోసి. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

నమోయో అవ్వ కూర్చున్న చోటునుంచే మాట్లాడింది. "శవం దగ్గరికి రాలేదని మిమ్మల్ని మనసులో పెట్టుకున్నాం. పదహారు నెలలు పెట్టుకున్నాం. ఆలస్యంగానైనా వచ్చారు. ఇవాళ్టితో తీసేస్తున్నాం." జైలోసి దాన్ని ఇంగ్లీషులో "వచ్చినందుకు సంతోషం, ఆలస్యమైనా" అని కుదించాడు. జీవితంలో మొదటిసారి తన అనువాదం తనకే రుచించలేదు.

మధ్యవరసలోంచి ఒకామె లేచింది. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంది. ఆమె ఏడవడం లేదు. పంపు దగ్గరికి వెళ్ళి వేలు తడుపుకుని, బోర్డు మీద మొదటి అక్షరాన్ని తాకింది. పెయింటు ఆరిందో లేదో చూసినట్టు చూసి, వెనక్కి వెళ్ళి తన చోట కూర్చుంది. ఆమె ఫలేసి. మవూతో భార్య.

*

జీపులో హనెకె ముందు సీట్లో కెమెరాలో ఫోటోలు చూసుకుంటోంది. వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళ మధ్య నివేదికల కట్ట.

"ఎవరా మవూతో?" అని చిచేవాలో అడిగాడు జైలోసి.

"తెలిసింది కదా, ఇంకా ఎందుకడుగుతావు?" లాక్సన్ గొంతు తగ్గించాడు. "పంపు మొదట అక్కడ కాదు, రెండొందల అడుగులు అవతల తవ్వారు. తవ్వకం ఊరి వాటా, అది రూలు. మేం గొట్టాలిస్తాం, వాళ్ళు ఒళ్ళిస్తారు. వాన పడుతోంది. పై నుంచి తనిఖీకి వస్తున్నారు, గొయ్యి చూపించాలి. ఆపకుండా ఇంకో రోజు తవ్వండి అన్నాను. గొయ్యి గోడ కూలింది, లోపల మవూతో ఉన్నాడు."

"నువ్వక్కడే ఉన్నావా?"

"తాడుతో అతన్ని పైకి లాగింది నేనే." లాక్సన్ అరచేతులు చూసుకున్నాడు. "అంత్యక్రియలకి పోతానన్నాను. వెళ్ళొద్దన్నారు పైవాళ్ళు. వెళితే బాధ్యత ఒప్పుకున్నట్టంట. అతను మా మనిషి కాదంట. జీతగాడు కాదు, స్వచ్ఛందంగా దిగాడంట."

'స్వచ్ఛంద సంస్థ' అన్న మాటలోని స్వచ్ఛందం అంతా ఆ గోతిలోకే దిగినట్టుంది. స్వచ్ఛందంగా దిగాడు, స్వచ్ఛందంగానే పోయాడు. ఇంకెప్పుడైనా అయితే జైలోసి ఇలాంటి మాట దొరికినందుకు తొడ కొట్టుకునేవాడు. ఇప్పుడు ఆ చేత్తో జారుతున్న నివేదికల కట్టని సర్దాడు.

"అన్నా, వదిలెయ్" అన్నాడు లాక్సన్. "ఆవిడకి నివేదిక మిగిలింది. మాకు పంపు మిగిలింది. ఆ ఊరికి ఏడుపు మిగిలింది, ఇన్నాళ్ళకి కరువుతీరా ఏడ్చారు. నువ్వు నోరు విప్పితే ఏమవుతుంది? ఆ వాక్యం కొట్టేస్తారు. వాళ్ళు మన కోసం రాలేదా అని ఫలేసికి తెలుస్తుంది. మళ్ళీ ఇంకోసారి పూడ్చినట్టే కదా అతన్ని?"

హనెకె వెనక్కి తిరిగి కెమెరా చూపించింది. అందులో తలల మీద గుడ్డలు వేసుకున్న ఆడవాళ్ళు. "ఎంత అందమైన ఫోటో" అంది.

ఎండ ఇంకా ఉండగానే అతిథిగృహం చేరారు. జైలోసి తన ల్యాప్‌టాప్ తెరిచి నిరుటి రికార్డింగు వెతికాడు. సంస్థ అమ్మాయి గొంతు హుషారుగా ఉంది, పదిహేడో ప్రశ్న. "సంస్థ వచ్చాక, మవూతో ఎలా ఉన్నాయి?" కష్టాల గురించి ఆ అమ్మాయి అడిగింది. కానీ ఫలేసి చెవికి అది "మవూతో ఎలా ఉన్నారు?" అనే వినబడుతుంది. మనిషి పోయి రెండు నెలలే అయింది. సంస్థ టీ షర్టు వేసుకున్న పిల్ల గుమ్మంలో నిలబడి, మీ ఆయన ఎలా ఉన్నారని అడుగుతోంది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఆ వాక్యం. "మవూతో అనతిసీయా, ము మలిచి."

వెంటనే పద్దెనిమిదో ప్రశ్న. "థాంక్యూ. రోజుకి ఎన్ని బిందెలు నీళ్ళు పడతారు?"

ఆ చీదిన చప్పుడు నిరుడు కూడా విన్నాడు. జలుబనుకున్నాడు.

*

బుధవారం పొద్దున సైకిల్ టాక్సీ వెనక కూర్చుని నమసోకో వెళ్ళాడు. జీపు అడగలేదు.

ఫలేసి ఇంటి ముందు చాప మీద కందికాయలు కుప్పపోసి వొలుస్తోంది. గింజలు సత్తు పళ్ళెంలో పడుతున్న చప్పుడు.

"నిన్న మధ్యలో నిలబడ్డ ఆయనవి కదూ" అంది తలెత్తకుండా. "మాటలు అటూ ఇటూ మోసేవాడివి."

"అవునమ్మా. ఒక తప్పు చెప్పుకోవాలి."

"తప్పు చెప్పుకోడానికి చేతులు ఖాళీగా ఉండక్కర్లేదు. ఇదిగో, వొలువు" అని సగం కుప్ప అతని వైపు తోసింది.

వొలుస్తూ చెప్పాడు. హెడ్‌ఫోన్లు, పదిహేడో ప్రశ్న, కష్టాలు, పెద్దబడి అక్షరం, అంతా. వాళ్ళు మవూతో కోసం రాలేదనీ, మవూతో అనేవాడు ఉన్నాడనే ఆ తెల్లమ్మకి తెలీదనీ చెప్పాడు. ఆఖరి మాట చెప్పేటప్పుడు కాయ చేతిలోనే నలిగిపోయింది. ఫలేసి చేతులు మాత్రం ఆగలేదు.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పుడు?"

"గుడ్డ లాగినప్పుడే. ఆ తెల్లమ్మ నవ్వుతోంది. పరామర్శకొచ్చినోళ్ళు పళ్ళన్నీ బయటెట్టుకుని వస్తారా? పక్కన లాక్సన్ మొహం చూశాను, ఉడకబెట్టిన చిలగడదుంపలా ఉంది. సరే, వీళ్ళు మా ఆయన్ని కష్టాలనుకున్నారు అని అర్థమైపోయింది." పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. "నేనూ అదే అనేదాన్నిలే పెళ్ళయిన కొత్తలో. మవూతోనే మెడకి కట్టావు, ఇంక కొత్త కష్టాలు ఎక్కడ పెట్టుకోనే అని మా అమ్మతో."

జైలోసి నవ్వాడు, నవ్వు సగంలో తెగింది. "మరి అక్కడే చెప్పలేదేం, అమ్మా? నిలబడి అరిచి ఉంటే..."

"ఎందుకరవాలి?" ఒక కాయ విప్పి పుచ్చుగింజ ఏరి కోడి వైపు విసిరింది. "పూడ్చిన రోజు ఎంతమందిమి ఉన్నామో తెలుసా నీకు? ఏడుగురం. వాగు పొంగింది. మా అన్నదమ్ములు అవతలి ఒడ్డున నిలబడి అరుస్తున్నారు, వాళ్ళ నోళ్ళు కదలడం కనిపిస్తోంది, మాట వినబడటం లేదు. పాట ఎత్తుకుంటే వానలో గొంతు నిలబడలేదు. వారం తిరక్కుండా వరదొచ్చి శ్మశానం అంచు కోసుకుపోయింది. ఆయన గుట్ట ఏదో ఇప్పుడు నాకే తెలీదు, ఎక్కడ నిలబడి ఏడవాలో తెలీదు. నిన్న చూశావు కదా? రెండొందల మంది టోపీలు తీసి నేల మీద కూర్చున్నారు. పాట పూర్తిగా పాడారు, ఆఖరి చరణం దాకా. పొరపాటున వచ్చిన ఏడుపైనా ఏడుపే కదన్నా. తీసుకున్నాను."

జైలోసికి చేతిలో కాయలు కనబడటం మానేశాయి.

"వొలువు" అంది ఫలేసి.

కాసేపు వొలిచాడు. "నేనిప్పుడు ఏం చెయ్యను? చెబితే ఆవిడ..."

"చెప్పు. నా ఏడుపు అయింది. ఇంక వాళ్ళది వాళ్ళని ఏడవనీ."

*

గురువారం హనెకె అతిథిగృహం వరండాలో ఉడికించిన కర్రపెండలం తింటోంది. జైలోసి ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత రికార్డింగు పెట్టమంది. భాష తెలియకపోయినా కళ్ళు మూసుకుని వింది.

"ఆ చప్పుడేమిటి?"

"ముక్కు చీదుతోంది."

"కాగితంలో అది లేదే?"

"వద్దని మీ సూచనల్లోనే ఉంది. దగ్గులు, మౌనాలు, చప్పుళ్ళు వదిలేసి మాటలు మాత్రమే రాయమన్నారు."

హనెకె చేతిలోని ముక్క కింద పెట్టింది. తన ప్రశ్నల కాగితం తీసి ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వెళ్ళింది. సంస్థ వేళకి వచ్చిందా? సంస్థ మీ మాట విన్నదా? సంస్థ కష్టాలు తీర్చిందా? బిందెల లెక్కలు తప్ప దాదాపు అన్నిటిలోనూ కర్త సంస్థే. కర్మ మాత్రం ఊరిది.

"నేను సంస్థ జీపులో వచ్చాను" అంది, ఎవరికో చెబుతున్నట్టు. "సంస్థ ఇచ్చిన జాబితా. సంస్థ పంపిన అమ్మాయి. సంస్థ మంచిదా చెడ్డదా అని పదేళ్ళుగా కొలుస్తున్నాను. గొయ్యి ఎవరు తవ్వారని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు, జైలోసీ?"

ఆ నివేదికలో పటాలున్నాయి, పట్టికలున్నాయి, వేదన ఒక్కటే లేదు. ఆ మాట జైలోసి నోటిదాకా వచ్చింది కానీ అనలేదు.

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ముఖం కడుక్కుంది. తప్పు తెలిస్తే దిద్దకుండా కూర్చోలేని మనిషి. "ముందు ఆ బోర్డు తీసేయాలి. ఆ విధవరాలు రోజూ దాని కిందే నీళ్ళు పట్టాలి. ఎంత అవమానం! ఇప్పుడే." బయట జీపు దగ్గరున్న లాక్సన్ వెంటనే స్పానరు తీశాడు. ఆ పేరు బోర్డు మీంచి దిగిపోతే అతనికీ హాయే. పరిశోధనా, సంస్థా ఏడాదిలో మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చాయి.

నమసోకో చేరేసరికి పంపు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. లాక్సన్ ఒక బిందె బోర్లించి ఎక్కి మొదటి బోల్టు పట్టాడు. కొత్త బోల్టు, గట్టిగా ఉంది. కిర్రుమంది. అప్పుడే ఫలేసి నిండు బకెట్టు తల మీదికి ఎత్తుకుని వెనుదిరగబోతోంది.

"ఏం చేస్తున్నారు?"

హనెకె గబగబా మాట్లాడింది. జైలోసి మోశాడు. "తప్పు రాశామంటోంది. మిమ్మల్ని అవమానించామంటోంది. క్షమించండి, తీసేస్తున్నాం అంటోంది."

ఫలేసి బకెట్టు కింద కళ్ళు మాత్రం పైకెత్తి బోర్డు చూసింది.

"ఏ అక్షరం తప్పు?"

జైలోసి కూడా చూశాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "ఏదీ తప్పు కాదమ్మా."

"మవూతో. మమ్మల్ని విడిచి వెళ్ళారు. మార్చిలో. నిజమే కదా? మరి ఎందుకు పీకుతున్నారు? ఆయనకంటూ ఉన్న సమాధి రాయి ఇదొక్కటే. వాళ్ళు వాళ్ళలాగ చదువుకోనీ, మేం మాలాగ చదువుకుంటాం. కింద మీ సంస్థ గుర్తుంది చూడు, అది కావాలంటే గీకేసుకోండి."

పంపు దగ్గరి ఆడవాళ్ళలో ఎవరో ముక్కులోంచి నవ్వారు. లాక్సన్ స్పానరు బోల్టు మీదే ఉంచి, బిందె మీద అలాగే నిలబడిపోయాడు. దిగాలో తిప్పాలో తెలియలేదు. జైలోసి ప్రతి మాటా, గీకేసుకోండితో సహా, హనెకెకి చెప్పాడు. ఏదీ కుదించలేదు.

హనెకె సంచీలో ప్రశ్నల కాగితం ఉంది, తియ్యలేదు. నోటు పుస్తకం కూడా తియ్యలేదు. ముక్కు మీది పొరని గోటితో గిల్లుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆయన ఎలాంటి మనిషి?"

జైలోసి చిచేవాలో చెప్పాడు.

ఫలేసి తల మీది బకెట్టులో నీళ్ళు అంచుదాకా ఉండి, ఒక పక్కకి వంగి, మళ్ళీ నిలబడ్డాయి. ఊళ్ళో అందరికీ ఆయన తెలుసు, అందుకే ఎవరూ అడగలేదు. బయటివాళ్ళకి ఆయన తెలీదు, అందుకే ఎవరూ అడగలేదు. ఆమె రెండు చేతులూ పైకెత్తి బకెట్టు పట్టుకుంది. మోకాళ్ళు వంచి, గట్టు మీదికి దింపింది. కొన్ని నీళ్ళు ఒలికి మెడ మీంచి రవికెలోకి పోయాయి. తుడుచుకోలేదు.

"నీళ్ళంటే భయం ఆయనకి" అంది. "మోకాల్లోతు వాగు దాటాలన్నా నా చెయ్యి పట్టుకునేవాడు."